సిటీలో కమర్షియల్ సాగు నిలబడుతుందా? మీరే లెక్కగట్టుకునే పద్ధతి

హైదరాబాద్ చుట్టుపక్కల హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్లలో పంట పెంచే పద్ధతి) షెడ్డు వేసినవాళ్లు, మేడ మీద ఆకుకూరలు పెంచి అమ్ముతున్నవాళ్లు, వేయాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే: "ఇది నిజంగా పర్యావరణానికి మంచిదేనా, పదేళ్లు నడుస్తుందా?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం మిగిలిపోతోంది. అందుకే నేను ఏ తోటకు వెళ్లినా పాటించే వరుసను మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు రెండు నియమాలు. పండిన కిలోకు కాదు, అమ్ముడుపోయిన కిలోకు లెక్క కట్టాలి. డిసెంబర్‌లో ఒకసారి చూసి వదిలేయకుండా, మే నెలలో తప్పకుండా కొలవాలి. ఈ రెండూ పాటిస్తే చాలామటుకు నిజం బయటపడుతుంది.

అర్థం కావడానికి ఒక ఉదాహరణ తోటను చివరిదాకా వెంట తీసుకెళ్దాం: శివారులో 5,000 చదరపు అడుగుల పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డు), పంట లెట్యూస్, బేసిల్. ఆ తోట అంకెలు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవే. మీ అంకెలు మాత్రం మీ మీటర్ నుంచే రావాలి.

1. లెక్కకు హద్దు గీసుకోండి

నీళ్లు బోరు నుంచో ట్యాంకర్ నుంచో బయటికొచ్చిన చోట లెక్క మొదలవ్వాలి. ప్యాకెట్ కస్టమర్ చేతిలో పడ్డాక ఆగాలి. మధ్యలో ఉన్న ఆర్‌ఓ ప్లాంట్ (నీళ్లలోంచి లవణాలు తీసేసేది), కోల్డ్ రూమ్, డెలివరీ బండి, పారబోసిన ఆకులు అన్నీ లోపలే.

తర్వాత, దేనితో పోల్చాలో తేల్చుకోండి. మీరు లెట్యూస్ వేస్తే ఊటీ, బెంగళూరు వైపు నుంచి వచ్చే లెట్యూస్‌తో పోల్చాలి. పాలకూర వేస్తే శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు పొలాల్లో పండే పాలకూరతో పోల్చాలి. మీ లెట్యూస్‌ను రైతు పాలకూర పక్కన పెట్టి "మావి తక్కువ నీళ్లు" అనడం న్యాయం కాదు.

మీరు రాకముందు ఆ జాగాలో ఏముందో కూడా రాసుకోండి. ఖాళీ మేడ వేరు, సాగులో ఉన్న పొలం చదును చేసి వేసిన షెడ్డు వేరు.

2. కొలిచే సరంజామా సిద్ధం చేసుకోండి

లెక్క తప్పడానికి పెద్ద కారణం కొలవకపోవడమే. ఇంటి కరెంటు, షెడ్డు కరెంటు ఒకే మీటర్ మీద ఉంటాయి. నీళ్లకు మీటరే ఉండదు. ముందు ఇవి సమకూర్చుకోండి:

- షెడ్డుకు విడిగా సబ్ మీటర్; వీలైతే ఫ్యాన్లకు ఒకటి, చిల్లర్‌కు (మొక్కలకు పారే నీళ్లను చల్లబరిచే యంత్రం) ఒకటి
- నీటి మీటర్లు మూడు: బోరు పైపు మీద, ఆర్‌ఓ తర్వాత, కూలింగ్ ప్యాడ్ (తడిపి ఉంచి, గుండా వచ్చే గాలిని చల్లబరిచే అట్ట) లైను మీద
- 10 గ్రాముల తేడా చూపించే కాటా
- పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం), ఈసీ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) మీటర్లు, వాటిని సరిచూసే ద్రావణాలు
- నీడలో, మొక్కల ఎత్తున వేలాడదీసిన థర్మామీటర్
- గత 12 నెలల కరెంటు బిల్లులు, ట్యాంకర్ రసీదులు, డీజిల్ బిల్లులు
- ఒక నోటు పుస్తకం: కోసింది, అమ్మింది, తిరిగొచ్చింది, పారేసింది

మన దగ్గర ఆకుకూరలు కట్టల్లెక్కన అమ్ముతారు. కట్ట బరువు చలికాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా ఉంటుంది. ఈ రోజు 300 కట్టలు పోయాయని రాస్తే ఏమీ తేలదు. రోజూ పది కట్టలు తూచి సగటు బరువు రాయండి.

ఏడాది రికార్డులు లేకపోతే దిగులు పడొద్దు. డిసెంబర్‌లో రెండు వారాలు, జూలైలో రెండు వారాలు, మేలో రెండు వారాలు గట్టిగా కొలిచినా సరిపోతుంది.

3. నీళ్లు: ట్యాంకులో పోసింది కాదు, తోడింది లెక్క

హైడ్రోపోనిక్స్‌లో నీళ్లు ఆదా అవుతాయన్న మాట నిజమే. 2015లో అమెరికాలోని అరిజోనా పరిస్థితులకు కట్టిన ఒక లెక్కలో కిలో లెట్యూస్‌కు హైడ్రోపోనిక్స్‌లో సుమారు 20 లీటర్లు, పొలంలో సుమారు 250 లీటర్లు అవసరమని తేలింది. కానీ అది పంటకు అందిన నీళ్ల సంగతి. మన బోరు నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాలు) ఎక్కువగా ఉండటంతో చాలామంది ఆర్‌ఓ పెడతారు. మామూలు ఆర్‌ఓలో తోడిన నీళ్లలో సగం దాకా బయటికే పోతాయి. ఎండాకాలంలో ప్యాడ్‌లు తాగే నీళ్లు దీనికి అదనం.

మన ఉదాహరణ తోటలో:

- డిసెంబర్: తోడింది 60,000 లీటర్లు, పంటకు వెళ్లింది 30,000, అమ్మింది 700 కిలోలు. యజమాని చెప్పే లెక్క కిలోకు 43 లీటర్లు. అసలు లెక్క 86.
- మే: ఆర్‌ఓకు 90,000, ప్యాడ్‌లకు 50,000, మొత్తం 1,40,000 లీటర్లు. అమ్మింది 380 కిలోలు. కిలోకు 368 లీటర్లు.

మేలో ఈ తోట అరిజోనా పొలం కంటే ఎక్కువ నీళ్లు తాగుతోంది. అలాగని షెడ్డు మూసేయమని కాదు. ఆర్‌ఓ వదిలే నీళ్లు, ప్యాడ్ నీళ్లు ఎక్కడ తగ్గించాలో ఈ అంకె చూపిస్తుంది.

ఎలా తగ్గించాలి? ముందు వాన నీళ్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద పడ్డదాంట్లో 80 శాతం పట్టుకున్నా దాదాపు 59,000 లీటర్లు వస్తాయి. వాన నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి బోరు నీళ్లతో కలిపితే ఆర్‌ఓ పని బాగా తగ్గుతుంది. ఆర్‌ఓ వదిలిన నీళ్లు నేల కడగడానికి, టాయిలెట్‌కు వాడండి. ప్యాడ్‌ల మీద మాత్రం పోయకండి, ఉప్పు పేరుకుని నెలల్లోనే గట్టిపడిపోతాయి.

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల వాళ్లకు ఒక మాట. గాలిలో తేమ ఎక్కువ ఉన్నచోట ప్యాడ్ కూలింగ్ పెద్దగా పనిచేయదు. హైదరాబాద్ షెడ్డు డిజైన్ తెచ్చి అక్కడ పెట్టకండి.

చెక్‌లిస్ట్:
- మేలో బోరు నీటిమట్టం గత మే కంటే ఎంత దిగింది?
- ట్యాంకర్ నీళ్లు ఏడాదిలో ఎన్ని రోజులు కొన్నారు? రెండు నెలలు దాటితే ఎర్ర గుర్తు పెట్టండి
- వాన నీళ్ల ట్యాంకు ఉందా, నిజంగా నిండుతోందా?

4. కరెంటు: తోట భవిష్యత్తు తేలేది ఇక్కడే

ఇక్కడ నిదానంగా చదవండి. ఇందాకటి అరిజోనా లెక్కలోనే ఇంకో సగం ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. కిలో లెట్యూస్‌కు హైడ్రోపోనిక్స్‌లో సుమారు 90,000 కిలోజౌళ్ల శక్తి, పొలంలో 1,100. హైడ్రోపోనిక్స్ అంకె మన భాషలో కిలోకు 25 యూనిట్లు. ఎక్కువ భాగం వేడి, చల్లదనం సర్దడానికే ఖర్చయింది. లైట్లు పెట్టకపోయినా మన ఎండాకాలంలో అదే సమస్య వేరే రూపంలో వస్తుంది.

మన ఉదాహరణ తోట మళ్లీ చూడండి. యూనిట్ 9 రూపాయలు అనుకుందాం.

- డిసెంబర్: 2,400 యూనిట్లు, అమ్మింది 700 కిలోలు. కిలోకు 3.4 యూనిట్లు, 31 రూపాయలు.
- మే: 4,100 యూనిట్లు, అమ్మింది 380 కిలోలు. కిలోకు 10.8 యూనిట్లు, 97 రూపాయలు.

మన దేశపు గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే డిసెంబర్‌లో కిలో ఆకుకు 2.4 కిలోలు, మేలో 7.5 కిలోలు. జనరేటర్ వాడితే లీటర్ డీజిల్‌కు ఇంకో 2.7 కిలోలు కలపండి.

మేలో దిగుబడి ఎందుకు పడిపోతుందో తెలిస్తేనే సరిచేయగలం. నీళ్లు 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. 30 డిగ్రీలకు చేరితే అది 7.5కు తగ్గుతుంది. వేడి నీళ్లలో వేళ్లకు ఊపిరాడదు, వేరుకుళ్లు మొదలవుతుంది. పైనేమో లెట్యూస్ పూతకొచ్చి చేదెక్కుతుంది. దాంతో చిల్లర్ పెంచుతారు, ఫ్యాన్లు ఆపరు. బిల్లు పెరుగుతుంది, అమ్మకం తగ్గుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక షెడ్డుకు నేను డిసెంబర్, జనవరి బిల్లులు చూసి పర్వాలేదని చెప్పాను. ఆ యజమాని నా మాట నమ్మి రెండో షెడ్డు వేశారు. మేలో రెండు షెడ్ల బిల్లులు ఒకేసారి వచ్చాయి. ఆ రోజు ఆయన పడ్డ టెన్షన్ నేను మర్చిపోలేదు. ఎండాకాలం బిల్లు లేకుండా అప్పటినుంచి ఎవరికీ మాట ఇవ్వడం లేదు.

సరిచేసే వరుస ఇది, తారుమారు చేయకండి:

1. ముందు పంట మార్చండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా లెట్యూస్ ఆపి షేడ్‌నెట్ కింద తోటకూర, గోంగూర, బచ్చలి వేసి చూడండి. ధర తగ్గుతుంది, చిల్లర్ బిల్లూ పోతుంది. రెండూ పక్కపక్కన రాసుకుని ఏది మిగులుతుందో చూడండి.
2. తర్వాత నీడ, గాలి: పైన తెల్లటి షేడ్‌నెట్, వేడి గాలి పోయేలా కప్పు కిటికీ, భూమిలో పాతిన ట్యాంకు.
3. ఆ తర్వాత పంపులు. హార్స్‌పవర్ పంపు 24 గంటలు తిరిగితే రోజుకు దాదాపు 18 యూనిట్లు. టైమర్ పెట్టి ఎంత తగ్గించగలరో చూడండి.
4. సోలార్ చివర్న. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు, దాదాపు 100 చదరపు అడుగుల జాగా. మన తోట మే వాడకానికి 34 కిలోవాట్లు, అంటే 3,400 చదరపు అడుగులు కావాలి. 5,000 అడుగుల షెడ్డుకు పక్కన అంత జాగా ఎక్కడుంది? వాడకం తగ్గించాకే సోలార్ లెక్క కుదురుతుంది.

వ్యవసాయానికి కరెంటు ఉచితం కదా అనుకుని ప్రాజెక్టు రాసుకోకండి. మీ షెడ్డు ఏ కేటగిరీలోకి వస్తుందో విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి కాగితం మీద తీసుకోండి.

ఒక పరీక్ష కూడా చేయండి: మే మధ్యాహ్నం రెండింటికి కావాలనే మెయిన్ ఆపి, ఒక వరస మొక్కలు ఎంతసేపటికి వాలిపోతాయో గడియారం పట్టుకుని చూడండి. సన్నటి పైపుల్లో నీళ్లు పారే పద్ధతిలో ఆ సమయం చాలా తక్కువ. లోతు నీళ్లలో వేళ్లు మునిగి ఉండే పద్ధతిలో ఎక్కువ. మీ ఇన్వర్టర్ ఎంత పెద్దది ఉండాలో ఈ పరీక్షే చెబుతుంది.

5. రవాణా: దగ్గరగా పండితే చాలదు

"పొలం నుంచి ప్లేట్‌కు పది కిలోమీటర్లే" అని బోర్డు పెట్టేముందు ఈ లెక్క వేయండి.

బైకు మీద 3 కిలోల ఆకుకూరలు 12 కిలోమీటర్లు తీసుకెళ్లి తిరిగొస్తే, లీటరుకు 45 కిలోమీటర్ల లెక్కన అర లీటరు పెట్రోలు అవుతుంది. సుమారు 1.2 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే కిలో ఆకుకు 400 గ్రాములు. అదే 60 కిలోమీటర్ల దూరం నుంచి ఒకటిన్నర టన్నుల కూరగాయలతో పికప్ వ్యాన్ వచ్చి వెళ్తే 10 లీటర్ల డీజిల్, కిలోకు 20 గ్రాములు కూడా కాదు.

కాబట్టి దూరం కంటే బండి నిండడం ముఖ్యం. ఒక అపార్ట్‌మెంట్‌కు వారంలో రెండే రోజులు, ఆర్డర్లన్నీ కలిపి పంపండి. కరెంటు స్కూటర్ అయితే ఇంకా మేలు.

6. మేడ మీదైతే బరువు, నేల మీదైతే మురుగు

మేడ మీద తోటకు మొదటి ప్రశ్న స్లాబ్ తట్టుకుంటుందా అన్నదే. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం మనుషులు తిరిగే చదును కప్పుకు అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలుగా డిజైన్ చేస్తారు. 15 సెంటీమీటర్ల లోతు తడి మట్టి ఒక్కటే 250 కిలోల దాకా ఉంటుంది. కొబ్బరి పీచు పొట్టు, కంపోస్ట్ కలిపిన మిశ్రమం అందులో సగమే తూగుతుంది.

పైపుల పద్ధతి తేలిక కదా అంటారు. పైపులు తేలికే, ట్యాంకు కాదు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే చదరపు మీటరు జాగాలో టన్ను బరువు. దాన్ని స్లాబ్ మధ్యలో పెట్టొద్దు. ఎక్కడ దూలం మీద, స్తంభం పక్కన పెట్టాలో స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను అడిగి, సంతకంతో కాగితం తీసుకోండి. కాగితం లేకపోతే మిగతా లెక్కంతా ఆపేయండి.

నేల మీద సాగైతే నీళ్లు ఎక్కడివో చూడాలి. మూసీ దిగువన మురుగు కలిసిన నీళ్లతో ఆకుకూరలు, పశువుల గడ్డి పండించడం ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆ రైతులకు ఏడాది పొడవునా దొరికేవి ఆ నీళ్లే, వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ పచ్చిగా తినే పంట అమ్మే వ్యాపారానికి ఆ నీళ్లు పనికిరావు. అలాంటి పంటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో పెట్టిన హద్దు: 100 మిల్లీలీటర్లలో మల కోలిఫాం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) వెయ్యికి మించకూడదు, లీటరులో నులిపురుగుల గుడ్డు ఒకటికి మించకూడదు.

చెక్‌లిస్ట్:
- నీళ్లకు సూక్ష్మజీవుల పరీక్ష, వానకు ముందు ఒకటి, తర్వాత ఒకటి
- మట్టికి, ఆకుకు సీసం, కాడ్మియం పరీక్ష, ముఖ్యంగా పాత ఫ్యాక్టరీ జాగా, రోడ్డు పక్క జాగా అయితే
- స్లాబ్ కాగితం, వాటర్‌ప్రూఫింగ్ తేదీ

7. పాత ద్రావణం, పారేసిన ఆకు

పోషక ద్రావణం మార్చినప్పుడు ఎక్కడ పోస్తున్నారు? చాలాచోట్ల కాలువలోకే. ఆకుకూరల ద్రావణంలో నైట్రేట్ తాగునీటి హద్దయిన లీటరుకు 45 మిల్లీగ్రాముల కంటే పది రెట్లకు పైనే ఉంటుంది. ఇంకుడుగుంతలో పోశారంటే మీ బోరు, పక్కింటి బోరు రెండూ పాడవుతాయి. నీళ్లు కలిపి పలచన చేసి అరటి, కొబ్బరి, పశుగ్రాసానికి కొద్దికొద్దిగా పెట్టండి.

పారేసిన ఆకును తూచి రాయండి. ఉదాహరణ తోటలో డిసెంబర్‌లో కోసింది 900 కిలోలు, అమ్మింది 700. మేలో కోసింది 600, అమ్మింది 380. మూడో వంతుకు పైగా పోతోందంటే లోపం కోత వేళలోనో, కోల్డ్ రూమ్‌లోనో, ఆర్డర్ లేకుండా నాటడంలోనో ఉంటుంది. తెల్లవారుజామున కోయడం, ఆర్డర్‌ను బట్టి నాటడం, ఈ రెండింటితోనే చాలా తేడా వస్తుంది.

మిగిలింది కంపోస్ట్‌కు వెళ్లాలి. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో బయోగ్యాస్, దాంతో కరెంటు తీస్తున్నారు. మీ స్థాయికి డ్రమ్ము కంపోస్టర్ చాలు.

8. డబ్బు: సబ్సిడీ తీసేసి, మీ జీతం కలిపి

డబ్బు నిలవని తోట పర్యావరణానికీ మేలు చేయదు. మూతపడ్డ పాలీహౌస్ అంటే అంత ఇనుము, అంత ప్లాస్టిక్ వృథా అయినట్టే. లెక్కలో ఇవి తప్పకుండా ఉండాలి:

- మీకు, ఇంట్లో పనిచేసే మిగతావాళ్లకు బయట ఇచ్చేంత జీతం
- పాలీ షీటు మార్పిడికి ప్రతి నెలా పక్కన పెట్టే డబ్బు, షీటు మూడు నాలుగేళ్లే వస్తుందనుకుని
- పంపులు, ఆర్‌ఓ మెంబ్రేన్, ప్యాడ్‌ల మార్పిడి
- అప్పు మీద వడ్డీ
- హోటళ్ల దగ్గర ఆగిన బాకీ, ఎన్ని రోజులకు వస్తోందో
- సబ్సిడీ సున్నా

జాగా లీజు కూడా చూడండి. పెట్టుబడి తిరిగి రావడానికి ఐదారేళ్లు పట్టే షెడ్డును 11 నెలల అగ్రిమెంట్ మీద వేసినవాళ్లను చూశాను. ఓనర్ ఖాళీ చేయమంటే ఏం చేస్తారు? లీజు గడువు పెట్టుబడి తిరిగొచ్చే కాలం కంటే ఎక్కువ ఉండాలి, రిజిస్టర్ అయి ఉండాలి.

ఒకే హోటల్‌కో, ఒకే యాప్‌కో సగానికి మించి అమ్ముతుంటే పసుపు గుర్తు. "ఆర్గానిక్" అని ప్యాకెట్ మీద రాస్తే వచ్చే అదనపు ధరను లెక్కలో కలపకండి. ధ్రువీకరణ లేకుండా ఆ మాట వాడకూడదు.

9. లోపల పనిచేసే మనుషులు

మే మధ్యాహ్నం షెడ్డులో అరగంట నిలబడండి. మీరు ఉండలేకపోతే కూలీలను ఉంచకండి. పని ఉదయం 5 నుంచి 10 వరకు, మళ్లీ సాయంత్రం పెట్టండి. మందు కొట్టిన రోజు, కోత రోజు పుస్తకంలో ఉన్నాయా, వాటి మధ్య వ్యవధి సీసా మీద రాసినంత ఉందా చూడండి.

10. తీర్పు ఎలా చెప్పాలి

పెద్ద కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి: డిసెంబర్, జూలై, మే. అడ్డంగా ఏడు వరుసలు: నీళ్లు, కరెంటు, రవాణా, స్లాబ్ లేదా నేల, వ్యర్థాలు, డబ్బు, మనుషులు. ప్రతి గడిలో అంకె రాసి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగు వేయండి.

సగటు తీయకండి. వ్యర్థాల్లో వచ్చిన మంచి మార్కు స్లాబ్‌లో వచ్చిన ఎరుపును కప్పకూడదు. నేను పాటించే గీతలు ఇవి:

- స్లాబ్ కాగితం లేదు, లేదా నీళ్ల పరీక్ష తప్పింది: వెంటనే ఆపండి
- సబ్సిడీ లేకుండా, మీ జీతంతో కలిపి ఏడాది మొత్తానికి నష్టం: విస్తరణ వద్దు, పంట మార్చి ఏడాది చూడండి
- మేలో కరెంటు ఖర్చు అమ్మకం ధరలో నాలుగో వంతు దాటింది: వచ్చే ఎండాకాలం ఆ పంట వేయకండి
- బోరు మట్టం వరుసగా రెండు మే నెలల్లో దిగింది: వాన నీళ్ల ట్యాంకు కట్టేదాకా కొత్త వరసలు వద్దు
- అన్నీ ఆకుపచ్చ, ఒకటి రెండు పసుపు: నడపండి, ఆ పసుపు గడులకు తేదీ వేసి సరిచేయండి

11. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి సర్దుబాట్లు

*కంపెనీ కాగితంలోని దిగుబడిని తీసుకోవడం.* షెడ్డు అమ్మేవాళ్లు చెప్పే అంకె మంచి నెలది. అదే కంపెనీ వేసిన మూడు పాత షెడ్ల యజమానులను విడిగా కలిసి, గత మే నెల పుస్తకం చూపించమనండి.

*ఒక్క పంటతో లెక్క.* నాలుగు పంటలుంటే నాలుగింటికీ విడిగా కరెంటు కొలవలేరు. ఆక్రమించిన జాగా, ఉన్న రోజులను బట్టి పంచండి. బేసిల్ 40 రోజులు, లెట్యూస్ 30 రోజులు ఉంటే ఆ నిష్పత్తిలో.

*మీటర్లను సరిచూడకపోవడం.* ఈసీ మీటర్ తప్పు చూపిస్తే ఎరువు ఎక్కువ పడుతుంది, ద్రావణం త్వరగా పారబోస్తారు. వారానికోసారి సరిచూసే ద్రావణంలో ముంచండి. లెట్యూస్‌కు ఈసీ 1.2 నుంచి 1.8, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు.

*అన్ని లోపాలూ ఒకేసారి సరిచేయబోవడం.* ఒక్కొక్కటి మార్చి, రెండు వారాలు కొలిచి, తర్వాతదానికి వెళ్లండి. లేకపోతే దేనివల్ల ఎంత తగ్గిందో తెలియదు.

*ఒకసారి లెక్కగట్టి ఫైల్లో పెట్టేయడం.* క్యాలెండర్ మీద మూడు తేదీలు రాసి గోడకు తగిలించండి: మే 10, జూలై 20, డిసెంబర్ 15. కొత్త పంట వేసినా, టారిఫ్ మారినా, లీజు తిరగరాసినా ఆ తేదీల కోసం ఆగకుండా ఆ వారమే మళ్లీ కొలవండి.